ఒక మీటరు ఉప్పెన అంటే ఏ సున్నా నుంచి?

సంపాదకులకు,

నమస్కారం. 2025 అక్టోబరు 27 సాయంత్రం మా ఊళ్లో మైకు కట్టిన ఆటో తిరిగింది. మొంథా తుఫాను వస్తోందనీ, పోటు మీద ఇంకో మీటరు ఎత్తున సముద్రం పొంగవచ్చనీ, పల్లపు ప్రాంతాలవాళ్లు షెల్టరుకి చేరాలనీ చెప్పుకుంటూ వెళ్లింది. మా ఆవిడ అరుగు మీద చేటలో బియ్యం ఏరుకుంటోంది. తలెత్తి, "ఏవండీ, మీటరంటే మన అరుగు మునుగుద్దా?" అంది.

నేను ముప్ఫై రెండేళ్లు డ్రెయినేజీలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయినవాణ్ణి. ఈ దివిసీమలో నేను ఎత్తులు కొలిచే లెవెల్ స్టాఫ్ నిలబెట్టని డ్రెయిను గట్టు లేదు. గట్టు రెండంగుళాలు తక్కువుందని కాంట్రాక్టరు చేత మళ్లీ మట్టి పోయించిన రోజులున్నాయి. అలాంటివాణ్ణి, ఆవిడ అడిగిన చిన్న ప్రశ్నకి "ఏమో, చూద్దాం" అన్నాను. ఆ "ఏమో" గురించే ఈ ఉత్తరం. కాస్త పెద్దదైంది, మన్నించాలి.

మీటరని చెప్పేటప్పుడు అది ఎక్కడ మొదలవుతుందో కూడా చెప్పాలి. మా పనిలో మొదట నేర్పేది అదే. పోటు మీద మీటరు అన్నారు. సరే, ఆ గంటకి పోటు ఎంత? రేవులో పోటుపాట్ల పట్టిక ఉంటుంది. అందులో సున్నా అంటే సముద్రం బాగా వెనక్కి తగ్గినప్పటి మట్టం. మా లాకుల మీద ఎత్తు గుర్తులుగా చెక్కిన బెంచ్ మార్కుల సున్నా అది కాదు, సర్వే ఆఫ్ ఇండియావాళ్లు లెక్కగట్టిన సగటు సముద్రమట్టం. ఈ రెంటికీ పొంతన లేదు. ఇక జీపీఎస్‌ది మూడో సున్నా. మా చెల్లెలి వరస అమ్మాయి కొడుకు పెళ్లిళ్లకి డ్రోన్ తిప్పుతాడు. ఒకసారి వాడి సాఫ్ట్‌వేరులో చూస్తే మా ఇల్లు సముద్రానికి పదుల మీటర్ల అడుగున ఉన్నట్టు వచ్చింది. "మావయ్యా, మనం ఆల్రెడీ మునిగిపోయాం" అని నవ్వాడు. అది పరికరం తప్పు కాదు. భూమిని నున్నటి గుడ్డులా ఊహించుకుని ఆ పైనుంచి కొలిస్తే మన తీరంలో అలాగే వస్తుంది. సున్నా మారింది, అంతే.

ఆ రాత్రి ఎత్తులు రాసుకున్న లెవెల్ పుస్తకం తీశాను. మా అరుగు సగటు సముద్రమట్టానికి రెండు మీటర్ల పదిహేను సెంటీమీటర్ల పైన ఉంది. పశువుల చావిడి ఒకటీ ముప్ఫై. పోటూ ఉప్పెనా కలిసి తీరం దగ్గర నీళ్లు ఒకటిన్నర మీటరుకి లేచాయనుకుంటే చావిడిలోకి నీళ్లు రావాలి, అరుగు తేలాలి. గేదెల్ని విప్పి మెరక మీద ఉన్న మా బావగారింటికి తోలించాను. కానీ ఇది బకెట్టు లెక్కని నాకు తెలుసు. బకెట్టులో నీళ్లు పోస్తే అన్ని మూలలా ఒకే మట్టం ఉంటుంది. సముద్రం మా ఊరికి అలా రాదు. నది సముద్రంలో కలిసే మొగలో దూరాలి, మడ చెట్లని దాటాలి, కరకట్ట ఎక్కాలి, రొయ్యల చెరువుల గట్ల మధ్య దారి వెతుక్కోవాలి. ఒకచోట నీరసించి ఆగిపోతుంది, పక్కనే డ్రెయిను దొరికితే నాలుగు మైళ్లు పరిగెడుతుంది. ఆ పరుగుని లెక్కగట్టడానికే కంప్యూటర్ మోడల్ కావాలి. అది మన దేశంలో లేకపోతే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. ఉంది. మా ఊరిదాకా రాలేదు.

తుఫాను 28 రాత్రి నర్సాపురం దగ్గర తీరం దాటింది. మాకు నేల మీంచి సముద్రం వైపు గాలి కొట్టింది. మొగలో నీళ్లు పెరగడం పోయి తగ్గాయని జాలరి కుర్రాళ్లు చెప్పారు. తెల్లారేసరికి పడిపోయిన అరటి, తెగిన కరెంటు తీగలు తప్ప మావైపు నీళ్ల జాడ లేదు. షెల్టరు నుంచి దుప్పట్లు చుట్టుకుని తిరిగొస్తున్న కుర్రాడొకడు మా అరుగు దగ్గర ఆగి, "బాబాయ్, ఊరికే బెదరగొట్టారు. ఈసారి నేను కదలను" అన్నాడు. ఆ మాట వింటే నాకు నిజంగా భయం వేసింది. వాడికి 1977 తెలియదు.

నాకు తెలుసు. అప్పటికి నాకు పద్నాలుగేళ్లు. నవంబరు 19, శనివారం. కార్తీక పౌర్ణమికి ఇంకా ఆరు రోజులుంది. పొద్దుటి నుంచీ గాలి. రేడియోలో తుఫాను అన్నారు. ఉప్పెన అన్న మాట మేం వినలేదు. సాయంత్రం మా నాన్న గడ్డివాము మీద తాళ్లు కట్టి వస్తూ, పంట కాలవలో నీళ్లు వెనక్కి నడుస్తున్నాయని చెప్పాడు. కిందికి పోవాల్సిన నీళ్లు పైకి పోతున్నాయి. ఆ మాట పూర్తవలేదు. మమ్మల్ని నలుగురినీ రైసు మిల్లు వైపు తరిమాడు. మిల్లు అటక మీదికి ముగ్గురం ఎక్కాం. మా చెల్లిని అందుకునేలోపు తలుపు ఊడిపోయింది.

మూడో రోజు నీళ్లు తీశాక మిల్లు గోడ మీద చుట్టూతా ఒకే మట్టంలో బురద గీత. నాన్న బండి చక్రానికి కొట్టే మేకు ఒకటి ఏరి, ఆ గీత మీద రాయితో కొట్టాడు. గచ్చు నుంచి ఏడడుగుల నాలుగంగుళాలు. ఎందుకు కొట్టాడో ఆయన చెప్పలేదు, మేం అడగలేదు.

ఆ రోజు సముద్రం ఐదు మీటర్ల ఎత్తున లేచిందనీ, పన్నెండు పదిహేను కిలోమీటర్ల దాకా లోపలికి వచ్చిందనీ, పోయినవాళ్లు పదివేలనీ తర్వాత పుస్తకాల్లో చదివాను. సొర్లగొంది, హంసలదీవి, మూలపాలెం పేర్లు ఈనాటికీ మా ఇళ్లల్లో గొంతు తగ్గించే పలుకుతారు. అయితే రికార్డుల్లో ఆ తుఫాను తీరం దాటింది దివిసీమలో కాదు, చీరాల దగ్గర. ఇది మీ పాఠకులు ఒకసారి ఆగి ఆలోచించాల్సిన సంగతి. కన్ను ఒకచోట, కాటు ఇంకోచోట. మన వైపు తుఫాను గాలి గడియారం ముల్లుకి ఎదురుగా తిరుగుతుంది. సముద్రంలోంచి ఒడ్డుకి వస్తున్న తుఫానుకి కుడిచేతి వైపు గాలి నీళ్లని నేల మీదికి తోస్తుంది, ఎడమచేతి వైపు వెనక్కి లాగుతుంది. 77లో దివిసీమ కుడివైపు ఉంది. మొంథాకి ఎడమవైపు ఉంది. ఆ కుర్రాడు "ఊరికే" అన్నదాంట్లో ఉన్నది ఇంతే. మొంథా ఇంకాస్త దక్షిణంగా, మా కింది తీరాన్ని దాటి ఉంటే వాడి పడవ మా అరుగుకి వచ్చి తగిలేదేమో.

నేను చదువుకున్నది ఐటీఐ సివిల్. మోడల్ సంగతి మా వాడి ఫోన్లోనూ, రిటైరయ్యాక దొరికిన తీరికలోనూ తెలుసుకున్నాను. తప్పులుంటే పెద్దలు దిద్దుతారు. సముద్రం పొంగడానికి రెండు చేతులున్నాయి. గాలి బరువు తగ్గితే నీళ్లు లేస్తాయి, ఒక మిల్లీబారుకి ఒక సెంటీమీటరు. ఇది చిన్న చెయ్యి. బంగాళాఖాతంలో ఎంత ఘోరమైన తుఫానుకైనా దీని వల్ల వచ్చేది మహా అయితే ఇంచుమించు మీటరు. మిగతాదంతా గాలి తోపు. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలు. నీటి లోతు సగమైతే పొంగు రెట్టింపు. లోతైన చోట పైన తోసిన నీళ్లు అడుగు నుంచి వెనక్కి పోవడానికి దారి ఉంటుంది. మెరక సముద్రంలో, అంటే లోతు తక్కువ చోట, ఆ దారి ఉండదు, ఒడ్డెక్కడమే. 2014లో హుద్‌హుద్ విశాఖపట్నం మీదకి గంటకి 180 కిలోమీటర్ల గాలితో వచ్చింది. అక్కడి రేవు కొలమానంలో ఉప్పెన 1.4 మీటర్లే నమోదైంది. విశాఖ ముందు సముద్రం తొందరగా లోతెక్కుతుంది. మా ముందు, నిజాంపట్నం నుంచి కృష్ణ మొగల దాకా, మైళ్ల కొద్దీ మెరక. పైగా తీరం కొడవలిలా లోపలికి వంగి ఉంటుంది, తోసుకొచ్చిన నీళ్లు పక్కలకి జారిపోవడానికి చోటు లేదు. మా వలల్లో రొయ్య పడటానికీ, మా ఇళ్లల్లోకి సముద్రం రావడానికీ ఒకటే కారణం.

కంప్యూటర్ చేసేది ఈ లెక్కనే, కాకపోతే లక్షల చోట్ల, క్షణక్షణానికీ. సముద్రాన్నీ తీరాన్నీ వలలాగా త్రిభుజాలుగా కోస్తారు. నడిసముద్రంలో వల కన్ను పెద్దది, ఒడ్డుకి వచ్చేకొద్దీ చిన్నది. మా జాలర్లకి ఇది చెబితే ఒక్క నిమిషంలో పట్టేశారు. వలలో కూడా తల కన్ను వేరు, సంచి కన్ను వేరు కదా. ప్రతి త్రిభుజానికీ లోతు ఎంతో, గాలి ఎంతో ఇస్తే, పక్క త్రిభుజంలోకి నీళ్లు ఎంత పోతాయో అది లెక్కగడుతూ పోతుంది. హైదరాబాదులో ఉన్న కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో ఉప్పెన హెచ్చరికలకి వాడుతున్న యాడ్‌సర్క్ ఇలాంటిదే, అమెరికాలో పుట్టింది. మనవాళ్లూ వెనకబడలేదు. ఐఐటీ ఢిల్లీలో ఎస్.కె. దూబే, ఎ.డి. రావు గార్ల బృందం బంగాళాఖాతానికని ప్రత్యేకంగా మోడల్ కట్టింది, వాతావరణ శాఖ దాన్ని వాడింది. టాడ్ మూర్తి అని లోకం పిలిచిన మన తాడేపల్లి సత్యనారాయణ మూర్తి గారు కెనడాలో ఉండి ఉప్పెనల మీద, సునామీల మీద జీవితమంతా పనిచేశారు. ఐఐటీ మోడల్ కంటే ముందే, 1970లో తూర్పు పాకిస్తాన్‌ని భోలా తుఫాను ముంచాక, పి.కె. దాస్ అనే వాతావరణ శాస్త్రవేత్త బంగాళాఖాతంలో ఉప్పెనకి లెక్క కట్టే పద్ధతిని 1972లో ప్రకటించారు. 1972. మా నాన్న మేకు కొట్టడానికి ఐదేళ్ల ముందు. అప్పటి కంప్యూటర్లతో అది దివిసీమకి అందే పని కాదని నాకూ తెలుసు. ఇప్పుడు అందకపోవడానికి ఆ సాకు లేదు.

హెచ్చరికలు పనిచేయలేదని నేను అనడం లేదు. 1864 నవంబరు 1న బందరులో ముప్ఫై వేలమంది పోయారు. 1977లో పదివేలు. 1990 మే 9న ఇంచుమించు అంత బలమైన తుఫానే కృష్ణ మొగల దగ్గర పడితే పోయినవాళ్లు వెయ్యికి లోపు. జనాన్ని కదిలించడం వల్లే అది సాధ్యమైంది. కానీ కదిలించి, నీళ్లు రాకపోతే, తర్వాతిసారి కదిలేవాళ్లు తగ్గుతారు. మూడుసార్లు ఉత్తినే షెల్టరుకి వెళ్లొచ్చిన ముసలమ్మని నాలుగోసారి ఎవరు లేపుతారు? అందుకే తీరం పొడుగునా ఒకే మీటరు చెప్పడం చాలదంటున్నాను. ఈ ఊళ్లో మోకాలు లోతు, ఆ ఊళ్లో ఏమీ లేదు, ఫలానా మొగ పక్క నిలువెత్తు అని చెప్పాలి. తుఫాను పాతిక కిలోమీటర్లు పైకి దాటితే ఇంత, కిందికి దాటితే ఇంత అని కూడా చెప్పాలి. మోడల్‌ని పది దారుల్లో నడిపి చూడటం ఇవాళ పెద్ద పని కాదు. మాకు కావలసింది ఆ పదింటిలో గడ్డు లెక్క.

ఇక్కడే నా అసలు అనుమానం. మోడల్‌కి సముద్రం బాగానే తెలిసి ఉండొచ్చు. మా నేల తెలుసా?

2000 ఫిబ్రవరిలో అమెరికా అంతరిక్ష షటిల్ ఒకటి రాడార్‌తో భూమి ఎత్తులు చాలామటుకు కొలిచింది. లోకం ఉచితంగా ఎక్కువగా వాడుకున్నది ఆ కొలతలనే. కొండలకి అవి చాలు. మా బోటి నేలకి చాలవు, ఎందుకంటే ఆ రాడార్ మడ చెట్ల తలల్ని కూడా నేలే అనుకుంది. ఇరవై అడుగుల మడ అడవి కాగితం మీద మెరక అవుతుంది. మెరక ఉన్నచోట కంప్యూటర్‌లో నీళ్లు ఆగుతాయి, నిజంలో ఆగవు. మాకు అడుగు తేడా అంటే ఊరు తేడా. విమానంలోంచి లేజరుతో కొలిస్తే అంగుళాల్లో వస్తుంది. అలా కొలిచినా అది కొలిచిన రోజుకే. ఆ తర్వాత వరి చేలు రొయ్యల చెరువులయ్యాయి. ఒక్కో చెరువుకీ నిలువెత్తు గట్టు. రెండు వరసల గట్ల మధ్య సందు మిగిలితే అదే ఉప్పెనకి రాజబాట. కరకట్ట సంగతి ఇంకా ఉంది. కట్ట ఎత్తుని డిజైన్ కాగితం చూసి మోడల్‌కి ఇచ్చారనుకోండి, కంప్యూటర్‌లో అది కోట గోడ. చెరువులకి ఉప్పునీళ్ల పైపుల కోసం ఆ కట్టని ఎక్కడెక్కడ కోశారో నా సొంత నోటుబుక్కులో రాసుకున్నవే పదకొండు చోట్లు. తూము షట్టరు తుప్పు పట్టి సగంలో నిలిచిపోతే సముద్రానికి అదొక తెరిచిన తలుపు. కట్ట తెగేది ఎప్పుడూ ఇలాంటి చోటే. పైగా తుఫానంటే ఉప్పెన ఒక్కటే కాదు, వాన కూడా. పైన ముప్ఫై సెంటీమీటర్లు కురిసి డ్రెయిన్లు నిండి దిగుతుంటే, కింద సముద్రం లేచి తూములు మూసుకుంటే, ఆ నీళ్లు ఎక్కడికి పోవాలి? రెండింటినీ కలిపి లెక్కగట్టకపోతే మా ఊరికి సగం జవాబే వస్తుంది.

దీనికి కొత్తగా కొనాల్సిందేమీ లేదు. సచివాలయాల్లో గ్రామ సర్వేయర్లున్నారు. భూముల రీసర్వేకి తెచ్చిన రోవర్లు, అంటే జీపీఎస్‌తో కొలిచే పరికరాలు, ఉన్నాయి. హద్దురాళ్లకి వాడిన ఆ రోవర్లతోనే తీర మండలాల్లో కరకట్ట మీద, రోడ్ల మీద, చెరువు గట్ల మీద ఎత్తులు తీయించండి. ఎండాకాలంలో రెండు నెలల పని. అవి ఇన్‌కాయిస్‌కి పంపండి. ప్రతి తుఫాను అయ్యాక నీళ్లు ఏ గోడ మీద ఎంత దాకా వచ్చాయో అదే వారంలో కొలిచి, మోడల్ చెప్పింది ఎంత, వచ్చింది ఎంత అని ఊళ్ల వారీగా ప్రకటించండి. తప్పు వచ్చినా ఫరవాలేదు. లెవెల్ తీసేటప్పుడు చివర మళ్లీ మొదటి బెంచ్ మార్కుకి వచ్చి మూసి చూస్తాం, తేడా ఎంతో పుస్తకంలో రాస్తాం. తేడా రాయని లెవెల్ పుస్తకాన్ని ఏ ఇంజనీరూ ఒప్పుకోడు.

మీ పత్రికకీ ఒక మనవి ఉంది, కోపం తెచ్చుకోకండి. తుఫాను వచ్చిన ప్రతిసారీ మొదటి పేజీలో అదే తెల్లటి సుడి బొమ్మ. ఎక్కడ తీరం దాటుతుందో పెద్ద అక్షరాల్లో. ఒక్కరోజు ఆ సుడి తీసేసి, జిల్లా పటం మీద ఏ ఊరికి ఎన్ని అడుగుల నీళ్లు రావచ్చో వేసి చూడండి. మీటర్లు వద్దు. గచ్చు నుంచి ఎన్ని అడుగులో వేయండి. మా ఆవిడకి అర్థమయ్యేట్టు ఉంటే చాలు.

మిల్లు పదేళ్ల కిందట పడగొట్టారు. పడగొట్టే ముందు రోజు డంపీ లెవెల్ అనే మట్టం చూసే పరికరం పెట్టి ఆ మేకు మట్టాన్ని బడి గోడ మీదకి దించి, ఎర్ర రంగుతో గీత గీసి, "19-11-1977" అని రాశాను. ఆ తర్వాత బడికి కొత్త రంగులు వేసినప్పుడు గీత పోయింది. పెయింటరు కుర్రాడికి అదేమిటో ఎవరు చెబుతారు? గోడ మీద ఇప్పుడు అక్కడ సీతాకోకచిలుక ఉంది. బాగానే వేశాడు.

గీత పోయినా కొలత పుస్తకంలో ఉంది, నాన్న కొట్టిన మేకు మా ఇంట్లో ఉంది. హెడ్‌మాస్టరు గారిని అడిగితే సరేనన్నారు. సంక్రాంతి సెలవుల్లో, సీతాకోకచిలుకకి దెబ్బ తగలకుండా కాస్త పక్కగా ఆ మేకు మళ్లీ కొడతాం. దాని కింద రెండు మూరల జాగా ఖాళీగా వదలమని చెప్పాను. మోడల్ మా ఊరికి ఎంత చెబుతుందో ఇన్‌కాయిస్‌వాళ్లు రాసి పంపితే, ఆ గీత నేనే గీస్తాను. ఏ సున్నా నుంచో కూడా రాయమనండి.

ఇట్లు,
ఒక విశ్రాంత వర్క్ ఇన్‌స్పెక్టర్,
నాగాయలంక మండలం, కృష్ణా జిల్లా
(పేరు ప్రచురించవద్దని మనవి)